మూడు రౌండ్ల సస్పెన్షన్

2018 నవంబరు 12, సోమవారం. ఆ పొద్దున నేను ఉప్మా పెసరట్టు తిన్నాను. అట్టు అంచులు కరకరలాడుతున్నాయి, ఉప్మా కొంచెం మెత్తబడింది, అల్లం పచ్చడిలో బెల్లం ఒక పిసరు ఎక్కువైంది. ఇంత వివరంగా గుర్తుండడానికి కారణం ఉంది. మా కాలనీ పార్కులో ఏ తీర్మానమూ లేకుండా, ఎవరి ముందస్తు అనుమతీ లేకుండా, ఎక్కడా సంతకం పెట్టకుండా మనుషులు తిన్న చివరి టిఫిను అదే.

మాది గోదావరి జిల్లాలో ఒక మున్సిపాలిటీ ఊరు. మా కాలనీలో ఇళ్ళన్నీ రిటైరైన ఉద్యోగులవే. పైవాళ్ళకి ఎక్కడో ఉత్సాహం పుట్టి, వృద్ధుల్ని చురుగ్గా ఉంచాలని నిర్ణయించారు. పార్కుల్ని పొద్దున అయిదున్నర నుంచి ఏడు వరకు నడక సంఘాలకు అప్పగించాలని ఉత్తర్వు వచ్చింది. సంఘంలో సభ్యులైతే ఆ గంటన్నర పార్కు మీది. కాకపోతే ఏడింటికి గేటుకి తాళం పడేదాకా బయట నిలబడాలి, తాళం పడ్డాక ఇంటికి వెళ్ళాలి.

ఆ సోమవారం ప్రారంభోత్సవానికి వచ్చిన అధికారి మైకు పట్టుకుని, "వార్ధక్యమనేది సమస్య కాదు, అది సద్వినియోగం చేసుకోవలసిన వనరు. ప్రతి వృద్ధుడూ క్రమబద్ధమైన నడక ద్వారా ఫలితాలు చూపించాలి. ఆ ఫలితాలు రికార్డులో ఉండాలి" అన్నాడు. రెండు పెసరట్లు తిని వెళ్ళిపోయాడు. ఆ రికార్డు అన్న మాట మాత్రం మా దగ్గర వదిలేసి వెళ్ళాడు.

అంతకుముందు మేం ఎవరికి తోచినట్టు వాళ్ళం నడిచేవాళ్ళం. నాకు అయిదింటికి పావు తక్కువకి మెలకువ వస్తుంది. లేచి ఒక్కడికి కాఫీ కలుపుకుంటాను. మా ఆవిడ సుభద్ర పోయాక ఒక్కడికి పాలు ఎన్ని పొయ్యాలో తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది. కాఫీ తాగి బయటికి వస్తే మలుపులో మేడిశెట్టి నూకరాజు గారు నిలబడి ఉండేవారు. ఆయన ముప్పై మూడేళ్ళు బస్సు కండక్టరు. నేను జిల్లా గ్రంథాలయంలో లైబ్రేరియన్ని. ఆయన ఉద్యోగమంతా అరుపులు, నాది నిశ్శబ్దం. అందుకే జత కుదిరింది.

రెండేళ్ళ కిందట నూకరాజు గారికి ఎడమకాలికి చిన్నపాటి పక్షవాతం వచ్చి తగ్గింది. డాక్టరు గట్టిగా చెప్పాడు. రోజూ మట్టి నేల మీద మూడు రౌండ్లు నడవాలి. అంతకు తగ్గితే కాలు బిగుసుకుపోతుంది, అంతకు మించితే పడిపోతారు. మా ఊళ్ళో మట్టి నేల మిగిలింది పార్కులోనే. రోడ్డంతా సిమెంటు, దాని మీద ఇసుక లారీలు. ఒక్కో రౌండు పూర్తవగానే ఆయన గేటు మీద రెండుసార్లు తట్టి "రైట్ రైట్" అనేవారు. ఆ చప్పుడుతో నాకు ఆ రోజు మొదలైనట్టు ఉండేది. ఒంటరిగా ఉండేవాడికి రోజు మొదలవడం చిన్న విషయం కాదు.

సంఘానికి అధ్యక్షుడిగా పులుగుర్త భీమశంకరం గారు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు ఆయన ముందే టైపు చేయించి తెచ్చిన కాగితం మీద మేమంతా సంతకాలు పెట్టాం. ఆయన ఒక పెద్ద ఆఫీసులో పరిపాలనాధికారిగా చేసి మూడేళ్ళ కిందట రిటైరయ్యారు. అప్పట్నుంచి "ఆ ఫైలు పెట్టండి" అని అనడానికి ఇంట్లో ఎవరూ లేక మనిషి చిక్కిపోయారు. ఎన్నికైన పొద్దున ఆయన ముఖంలో రక్తం పారడం నేను కళ్ళారా చూశాను.

మొదటి వారం హాజరు పట్టీ వచ్చింది. సంతకం పెట్టి నడవాలి. ఇందులో తప్పేముందని అందరం అనుకున్నాం. నలభై ఏళ్ళు సంతకం పెట్టిన చేతులు గదా, కొందరికి హాయిగా కూడా అనిపించింది.

రెండో వారం, పదినిమిషాలు ఆలస్యమైతే ఎర్రసిరాతో గీత. మూడు గీతలకి ఒక క్యాజువల్ లీవు కోత. "లీవు ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?" అని మేరీ రత్నం గారు అడిగారు. ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. డాక్టర్లని కసిరిన గొంతు.

"ఏడాదికి పదిహేను మంజూరు చేశాం" అన్నారు భీమశంకరం గారు.

"నడవకుండా ఇంట్లో పడుకోవడానికి మీ మంజూరెందుకండి?"

"అమ్మా, మంజూరు లేకుండా పడుకుంటే అది గైర్హాజరు. మంజూరుతో పడుకుంటే విశ్రాంతి."

ఈ తేడా మాకు వెంటనే అర్థమైంది. అదే మాతో వచ్చిన చిక్కు.

డిసెంబరులో సీనియారిటీ జాబితా వచ్చింది. ఆరు కాలమ్‌లు, అభ్యంతరాలకు పదిహేను రోజుల గడువు. జాబితాలో మొదటి పేరు చిట్టబ్బాయి గారిది. ఆయనకి ఎనభై నాలుగేళ్ళు. జాబితా తర్వాత సహజంగానే ఇంకో నిబంధన పుట్టింది. ట్రాకు మీద జూనియరు సీనియరుని దాటి నడవరాదు. మర్నాటి నుంచి చిట్టబ్బాయి గారు చేతికర్రతో ముందు, ఆయన వెనక మేం నలభై ఇద్దరం, ఊరేగింపు మాదిరిగా నడిచాం. ఆయన ఆగి దగ్గితే నలభై ఇద్దరం ఆగేవాళ్ళం.

ఇదిలా ఉండగా, రోజుకి మూడు కిలోమీటర్లు నడిస్తే గుండెకు మంచిదని ఎక్కడో గోడ మీద ఉన్న బొమ్మ భీమశంకరం గారి కంట పడింది. మా ట్రాకు అర కిలోమీటరు. కాబట్టి నలభై అయిదు నిమిషాల్లో ఆరు రౌండ్లు తప్పనిసరి చేశారు. దాటకూడదు, ఆగకూడదు, ఆలస్యం కాకూడదు. ఈ మూడూ కలిపి ఎలా సాధ్యమని అడిగితే, "దాటుటకు అనుమతి కోరు దరఖాస్తు" అనే కాగితం అచ్చువేయించారు. ముందున్న సీనియరు దాని మీద "అభ్యంతరం లేదు" అని రాసివ్వాలి. చిట్టబ్బాయి గారికి కళ్ళజోడు లేకుండా రాయడం రాదు. కళ్ళజోడు పెట్టుకుంటే నడవడం రాదు.

మార్చిలో నా కాలు మడమ దగ్గర బెణికింది. స్నానాల గదిలో కాదు, పార్కులోనే, హాజరు వరుసలో నిలబడి నిలబడి. పదిరోజులు మెడికల్ లీవు పెట్టాను. వాపు తగ్గి తిరిగొచ్చిన రోజున గేటు దగ్గర భీమశంకరం గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు?"

"నడుచుకుంటూనే వచ్చానండి."

"మీరు నడవగలరని మీ అంతట మీరు నిర్ధారించడం నిబంధనలకు విరుద్ధం, విశ్వేశ్వరం గారూ."

మెడికల్ బోర్డు అంటే మేరీ రత్నం గారే. ఆవిడ నా మడమ నొక్కి, "కాలు బానే ఉంది. చెప్పుల అరుగుదల చూస్తే వచ్చే నెల మళ్ళీ పడేటట్టున్నారు, కొత్తవి కొనుక్కోండి" అని రాసి సంతకం పెట్టారు. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను. నా చెప్పుల సంగతి ఎవరైనా పట్టించుకుని ఆరేళ్ళైంది.

అసలు సమస్య ఏప్రిల్లో వచ్చింది. నెలవారీ సమీక్షలో నూకరాజు గారి పేరు ఎదురుగా తొంభై రౌండ్లు తేలాయి. ఉండాల్సినవి నూట ఎనభై. ఆయనకి అభియోగ పత్రం అందింది. మూడు అభియోగాలు. ఒకటి, నిర్దేశిత నడకలో సగం మాత్రమే పూర్తి చేయుట. రెండు, నడక మధ్యలో పార్కు ఊడ్చే ఆడమనిషిని ఆమె కోడలి కాన్పు గురించి ప్రశ్నించుట. మూడు, సంఘం అధీనంలోని ఇనుప గేటును దినమునకు మూడు పర్యాయములు అనధికారికంగా తట్టుట.

విచారణ పెండింగులో ఉంచి ఆయన్ని సస్పెండ్ చేశారు. ఆ సాయంత్రం నూకరాజు గారు కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. కుర్చీలో కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడిపోయారు.

"ముప్పై మూడేళ్ళు సర్వీసు సేసేనండి మేస్టారూ. ఒక్క మెమో లేదు. టిక్కెట్టు కొట్టకుండా ఒక్కణ్ణి ఎక్కించుకోలేదు. రిటైరయ్యాక సస్పెండయ్యేనండి! మా ఆవిడ ఏం సేసిందనుకున్నారు? పక్కింటోళ్ళకి సెప్పేసింది. ఆళ్ళు అరటిపళ్ళట్టుకుని పలకరించటానికొచ్చేరండి."

"ముందు కూర్చోండి."

"కూకోడం గాదండి. రేపట్నుంచి ఎక్కడ నడవమంటారు? ఆ లారీల కిందా? కాలు మళ్ళీ బిగిసిందంటే ఈసారి మంచమేనని డాట్రుగారు సెప్పేరండి. ఆయ్, మంచమే!"

నేను ఉత్తర్వు తీసుకుని చదివాను. లైబ్రేరియన్లకి ఒక జబ్బుంటుంది, ఎవరూ చదవని పుటలు చదవడం. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: "సస్పెన్షన్ కాలమందు సదరు సభ్యుడు పూర్తి నడకకు అర్హుడు కాడు. జీవనాధారం నిమిత్తం సగం నడక మాత్రం మంజూరు చేయడమైనది. సదరు సభ్యుడు ప్రతిదినం పార్కునందు ఉండవలెను. హాజరు వరుసయందు గాని, సమావేశములందు గాని, సీనియారిటీ క్రమమందు గాని పాల్గొనరాదు."

భీమశంకరం గారు తన పాత ఆఫీసు ఉత్తర్వునే దించి, జీతం అన్నచోట నడక అని మార్చారు. సస్పెండైన ఉద్యోగికి సగం జీతం ఇస్తారు గదా, అలాగే సగం నడక.

"నూకరాజు గారూ, ఆరులో సగమెంత?"

ఆయన వేళ్ళు మడిచి, నా ముఖంలోకి చూసి, మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. "మూడండి" అన్నారు. కాసేపాగి, "డాట్రుగారు సెప్పిందదేనండి" అన్నారు. ఇంకాసేపాగి, "కాఫీ ఏవన్నా ఉందేంటండి?" అన్నారు.

మర్నాటి నుంచి సంఘంలో సరిగ్గా నడిచే మనిషి ఆయన ఒక్కరే. మేమంతా వరుసలో నిలబడి, సంతకాలు పెట్టి, ఆ రోజు సూచనలు విని, నిన్నటి రౌండ్లు తగ్గినందుకు సంజాయిషీ రాసి, చిట్టబ్బాయి గారి వెనక చేరేసరికి ఆరున్నర దాటేది. ఆ లోపు నూకరాజు గారు తన మూడు రౌండ్లూ తన వేగంతో నడిచి, బెంచీ మీద కూర్చుని, కోడలి కాన్పు ఎలా జరిగిందో కనుక్కునేవారు. ఆడపిల్లట. మూడు కిలోలట.

ఇంతలో నన్ను విచారణాధికారిగా నియమించారు. నిష్పాక్షికుణ్ణని, పైగా పనీపాటా లేనివాణ్ణని ఉత్తర్వులో కారణాలు రాశారు. ఆ రాత్రి కాగితం ముందు పెట్టుకుని ఆలోచిస్తే చిక్కు తెలిసింది. నూకరాజు గారు దోషి అని రాస్తే ఆయన్ని సంఘం నుంచి తొలగిస్తారు, పార్కు పోతుంది. నిర్దోషి అని రాస్తే సస్పెన్షన్ ఎత్తేస్తారు, రోజుకి ఆరు రౌండ్లు నడవాలి, పడిపోతారు. ఆయన కాలు బాగుండాలంటే ఒకటే దారి. విచారణ ఎప్పటికీ పూర్తి కాకూడదు.

సర్కారు ఉద్యోగం చేసినవాడికి ఇది అసాధ్యమైన పని కాదు. నేనూ ముప్పై నాలుగేళ్ళు చేశాను.

తోటమాలి పనిముట్ల గదే మా కార్యాలయం. మొదటి విచారణ అక్కడే, పార తట్టల మధ్య జరిగింది. భీమశంకరం గారు సంఘం తరఫున వాదించారు.

"మీరు రోజుకి మూడు రౌండ్లే నడిచారా?" అని అడిగాను.

"ఆయ్, మూడేనండి. డాట్రుగారు మూడే సెప్పేరండి. ఇదిగోనండి సీటీ."

భీమశంకరం గారు చీటీని వెలుతురులో పెట్టి చూశారు. "ఇది జిరాక్సు. దీనికి సాక్ష్యపు విలువ లేదు."

"ఒరిజినలు మందుల కొట్టాయన దగ్గరుండిపోయిందండి."

"అయితే మందుల కొట్టు యజమానిని సాక్షిగా పిలవవలసి ఉంటుంది" అన్నాను గంభీరంగా.

"తప్పకుండా పిలవాలి. విధివిధానాలు ముఖ్యం" అన్నారు భీమశంకరం గారు, ఆనందంగా.

మందుల కొట్టు తొమ్మిదింటికి తెరుస్తారు. మా కార్యాలయం ఏడింటికి మూసేస్తాం. ఆ సాక్షి కోసం విచారణ పద్నాలుగుసార్లు వాయిదా పడింది. తర్వాత ఊడ్చే ఆవిడని పిలిచాం. ఆవిడ మనవరాలిని ఎత్తుకుని వచ్చి, సాక్ష్యం బదులు అందరికీ చక్కెర పంచింది. అది సాక్షులను ప్రలోభపెట్టడం కిందకు వస్తుందా, సాక్షే విచారణాధికారిని ప్రలోభపెట్టడం కిందకు వస్తుందా అనే అంశం మీద జూన్ నెల గడిచిపోయింది. గేటుని తట్టినప్పుడు నష్టం జరిగిందో లేదో తేల్చడానికి గేటుని పరీక్షించమని జూలైలో కోరాను. గేటు మాది కాదు, మున్సిపాలిటీది. అక్కడికి ఉత్తరం వెళ్ళింది. జవాబు వచ్చే ప్రమాదం లేదని నాకు తెలుసు.

అయితే మనుషులకి కళ్ళుంటాయి. మే నెలలోనే మేరీ రత్నం గారు బెంచీ మీద నూకరాజు గారి పక్కన కూర్చుని ఉత్తర్వు వెనకవైపు చదివారు. మర్నాడు ఆవిడ ట్రాకు మీద ఎదురు దిక్కున, కీర్తన పాడుకుంటూ నడిచారు.

"రత్నం గారూ! ఇది క్రమశిక్షణారాహిత్యం!" భీమశంకరం గారు కేకేశారు.

"అవునండి. సస్పెండ్ చెయ్యడానికి ఎంత రాహిత్యం కావాలో చెప్పండి, అంతా చేస్తాను. నాకు ఇంటి దగ్గర పనుంది."

ఆవిడ సస్పెండయ్యారు. ఆవిడ వెనక, వారానికి ముగ్గురు నలుగురు చొప్పున. ఒకాయన హాజరు పట్టీలో పద్యం రాశాడు. ఇద్దరు అన్నదమ్ములు ఒకరినొకరు అనుమతి లేకుండా దాటుకున్నారు. మరొకాయన ఏమీ చేయలేక, తాను ఉద్యోగంలో ఉన్నప్పుడు చేసిన పాత తప్పు ఒకటి ఒప్పుకున్నాడు. అది సంఘం పరిధిలోకి రాదని తిప్పి పంపితే కన్నీళ్ళు పెట్టుకున్నాడు. చిట్టబ్బాయి గారిది పెద్ద కష్టం. అందరికంటే సీనియరు గనక ఆయన దాటడానికి ముందు ఎవరూ లేరు. చివరికి నిండు సమావేశంలో కర్ర పైకెత్తి, "ఒరేయ్ శంకరం! నా దగ్గర నువ్వు గుమాస్తాగా చేరిన రోజున చొక్కా గుండీలు తప్పు పెట్టుకొచ్చావురా!" అన్నారు. ఆ సాయంత్రమే ఉత్తర్వు ఆయన ఇంటికి చేరింది. మనవలు దాన్ని ఫ్రేము కట్టించారని విన్నాను.

భీమశంకరం గారు ఇబ్బందుల్లో పడ్డారు. నేరాలు ఆగడం లేదు. శిక్షించకపోతే క్రమశిక్షణ ఉండదు, శిక్షిస్తే సభ్యులు ఉండరు. సెప్టెంబరులో ఆయన నోటీసు అంటించారు: "సస్పెన్షన్ కోరు సభ్యులు తమ దరఖాస్తులను సరైన మార్గంలో సమర్పించవలెను. నేరుగా నేరములు చేయరాదు."

నవంబరు చివరికి నలభై నలుగురిలో నలభై ఇద్దరు సస్పెన్షన్లో ఉన్నారు. మిగిలింది అధ్యక్షుడు, విచారణాధికారి. నన్ను సస్పెండ్ చేయడానికి వీల్లేదు. చేస్తే నలభై రెండు విచారణలు ఆగిపోతాయి. కాబట్టి రోజూ మేమిద్దరం పనిముట్ల గదిలో ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. ఆయన హాజరు పిలిచేవారు, నేను పలికేవాణ్ణి. బయట నలభై ఇద్దరు మనుషులు పక్కపక్కన, ఎవరికి తోచిన దిక్కున, ఎవరికి చేతనైన వేగంతో నడుస్తుండేవారు. నవ్వులు కిటికీలోంచి లోపలికి వచ్చేవి. భీమశంకరం గారు లేచి కిటికీ మూసేవారు. కాసేపటికి ఉక్కపోస్తోందని తెరిచేవారు.

విచారణల్లో పడి నేను నడవక అప్పటికి ఏడు నెలలు. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. అయినా ప్రతి పావుగంటకీ గేటు మీద రెండు దెబ్బలు వినిపించేవి. ఆ లెక్కన నా పని సాగుతున్నట్టే.

డిసెంబరు రెండో వారంలో మున్సిపాలిటీ నుంచి ఉత్తరం వచ్చింది. గేటు గురించి కాదు. సంఘం ఏడాది ఫలితాలు చూడడానికి అధికారి వస్తున్నాడట. భీమశంకరం గారు ముఖం పాలిపోయి నా ఎదురుగా కూర్చున్నారు.

"సభ్యుల్లో నూటికి తొంభై అయిదుమంది సస్పెన్షన్లో ఉన్నారని నేను నివేదించలేను, విశ్వేశ్వరం గారూ. కనీసం ఒక్క కేసులోనైనా అంతిమ నిర్ణయం కనబడాలి. సంఘం నిర్దాక్షిణ్యంగా వ్యవహరిస్తుందని తెలియాలి."

"ఏ కేసండి?"

"మొదటిది. నూకరాజు. ఎనిమిది నెలలైంది. సోమవారం ఉదయం అయిదున్నరకు మీ నివేదిక నా బల్ల మీద ఉండాలి. లేని పక్షంలో మీ నివేదిక లేకుండానే తొలగింపు ఉత్తర్వు జారీ చేస్తాను."

"ఆయన కాలు..."

"కాలు ఫైల్లో లేదండి. ఫైల్లో జిరాక్సు మాత్రమే ఉంది."

ఆ ఆదివారం నేను వంట చేసుకోలేదు. పొద్దున్నుంచి బల్ల ముందు కూర్చున్నాను. ఎన్ని రకాలుగా రాసినా చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి రెండే మాటలు, దోషి, నిర్దోషి. రెండూ ఆ ఎడమకాలి మీదే పడుతున్నాయి. మధ్యాహ్నం నూకరాజు గారు వచ్చి, నా ముఖం చూసి, ఏమీ అడగకుండా వాళ్ళావిడ పంపిన పప్పుచారు గిన్నె బల్ల మీద పెట్టారు. వెళ్ళేముందు, "మీరేం రాసినా నేనేం అనుకోనండి. ఎనిమిది నెలలు నడిపించేరు. ఆయ్, అది సాలండి" అన్నారు. ఆ తర్వాత రాయడం మరీ కష్టమైంది.

సాయంత్రం ఏడున్నరకి తలుపు తట్టిన చప్పుడైంది. భీమశంకరం గారు. చంకలో ఫైలు.

"నివేదిక?"

"కాలేదండి."

ఆయన కోప్పడతారనుకున్నాను. కుర్చీలో కూలబడి మంచినీళ్ళు అడిగారు. రెండు గ్లాసులు తాగారు.

"నిన్న రక్తపరీక్ష చేయించాను. చక్కెర మూడువందలు దాటింది. రోజూ నడుస్తున్నారా అని డాక్టరు అడిగాడు. నెలకి ఏడువేల తొమ్మిదివందల ఇరవై రౌండ్లు అన్నాను."

"మొత్తం సంఘానివా?"

"ఆ. అందులో మీవెన్ని అన్నాడు." ఆయన ఖాళీ గ్లాసులోకి చూశారు. "పదమూడు నెలలు పొద్దున్నే పార్కుకి వెళ్ళాను విశ్వేశ్వరం గారూ. ఒక్కసారి ట్రాకు మీద కాలు పెట్టలేదు. తీరిక దొరకలేదు."

బయట ఎవరో సైకిలు మీద వెళ్ళారు.

"మరి నన్ను సస్పెండ్ చేసే అధికారం ఎవరికుంది?" అన్నారు ఉన్నట్టుండి.

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. లేచి నిబంధనల పుస్తకం తీశాను. ఆయన రాసిందే, వంద పేజీలు. "అధ్యక్షుడు అందుబాటులో లేనపుడు సస్పెన్షన్లో లేని సభ్యులలో సీనియరు ఇన్‌ఛార్జిగా వ్యవహరించవచ్చును. అత్యవసరమైనచో అధ్యక్షునిపై సైతం చర్య తీసుకొనవచ్చును. డెబ్బై రెండో పేజీ."

"నేనే రాశానా?"

"మీరేనండి."

"బాగా రాశాను" అన్నారాయన, కొంచెం నిటారుగా కూర్చుని. "సస్పెన్షన్లో లేని సభ్యులంటే మీరొక్కరే. రాయండి మరి."

నేను తెల్లకాగితం తీసి, "శ్రీ పులుగుర్త భీమశంకరం గారు పదమూడు నెలలుగా ఒక్క రౌండు కూడా నడవలేదు" అని రాశాను. ఆయన జేబులోంచి ఎర్రసిరా పెన్ను తీసి ఆ వాక్యాన్ని కొట్టేశారు.

"ఇది అభియోగమా, పక్కింటివాళ్ళతో మాటా? 'నడవకుండుట ద్వారా విధి నిర్వహణయందు తీవ్ర అలసత్వము వహించినారు' అని పెట్టండి. 'తీవ్ర' కింద గీత."

పెట్టాను. గీత గీశాను. 'అందుకున్నాను' అని ఆయన సంతకం చేశారు, తేదీ వేశారు, సమయం వేశారు. కాపీ ఒకటి మడిచి జేబులో పెట్టుకున్నారు.

"సగం నడకేగా?"

"మూడు రౌండ్లండి. వరుస లేదు, సమావేశం లేదు."

"ఊఁ." ఫైలు మీద చెయ్యి వేశారు. పైన నూకరాజు గారి పేరు ఆయన గుండ్రటి అక్షరాల్లోనే ఉంది. "దీని మీద రేపు తుది ఉత్తర్వు ఎవరు వెయ్యాలి మరి? ఇన్‌ఛార్జి మీరు."

"నేను విచారణాధికారినండి. విచారించినవాడు శిక్ష వెయ్యకూడదు. ముప్పై ఎనిమిదో పేజీ."

"సస్పెన్షన్లో ఉన్న నేనూ వెయ్యకూడదు."

"వెయ్యకూడదండి."

"అంటే ఎవరూ వెయ్యలేరు."

"ఎప్పటికీ వెయ్యలేరండి."

ఆయన నా వైపు చాలాసేపు చూశారు. నలభై ఏళ్ళు ఫైళ్ళు చూసిన కళ్ళు, ఫైల్లో లేనిది కనబడకుండా పోయే కళ్ళు కావు. "ఇంత లోపమున్న నిబంధనలు నేనెలా రాశానో" అని, ఫైలుని ఎర్ర తాడుతో రెండు ముళ్ళు వేసి కట్టి, నా పుస్తకాల అలమారులో అన్నిటికంటే పై అరలో, చెయ్యి అందనిచోట పెట్టారు. అందుకోసం కాలివేళ్ళ మీద లేవాల్సి వచ్చింది. ఆయన వయసుకి అది మంచి వ్యాయామమే.

"అధికారి వస్తే ఏం చెప్తారండి?" అన్నాను.

"మీరు చెప్పుకోండి, మీరే ఇన్‌ఛార్జి. సభ్యులందరూ రోజూ నడుస్తున్నారని చెప్పండి. నాకు తెలిసి అది రికార్డుకెక్కే మొదటి నిజం."

గుమ్మం దాటి, మళ్ళీ వెనక్కి తిరిగారు. "పొద్దున అయిదున్నరకేనా? సస్పెన్షన్లో ఉన్నవాళ్ళు కాస్త ఆలస్యంగా రావచ్చా?"

"ఎప్పుడైనా రావచ్చండి."

ఆయన మెట్లు దిగి వీధిలోకి నడిచారు. ముందు మామూలుగా, నాలుగిళ్ళు దాటాక చేతులు ఊపుకుంటూ. చంకలో ఫైలు లేకపోయేసరికి ఆ చేతుల్ని ఏం చెయ్యాలో మొదట తోచనట్టుంది. దీపస్తంభం దగ్గర ఒకసారి ఆగి, ఆయాసం తీర్చుకుని, మళ్ళీ కదిలారు. మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఒక మనిషి ఇంటికి వెళ్తుంటే వెనక తలుపు మూసిన చప్పుడు వినపడడం ఏమంత బాగుండదు. అందుకని ఇంకొంచెంసేపు ఆగి, గడియ చేత్తో పట్టుకుని, మెల్లగా తలుపు వేశాను.